ఆదివారం టీకి పిలుపు

ఇంగ్లీషువాళ్ళ దేశంలో యుద్ధంనాటి రేషను కార్డులు ఎత్తేసిన ఏడాది అది. కొట్లో వెన్న కావలసినంత దొరుకుతున్నా సిరిల్ పెన్నిక్ మాత్రం ఇంకా పొదుపుగానే వాడేవారు. ఒంటరి మనిషికి వంట ఏపాటిదని? తోడున్న అక్కగారు పోయాక ఆ ఇంట్లో ఆయన గొంతు తప్ప ఇంకో గొంతు లేదు. ఆయనదీ ఎప్పుడో గాని వినబడేది కాదు.

ఆయన నిఘంటువు ఆఫీసులో పనిచేసి అప్పుడే రిటైరయ్యారు. ఇంగ్లీషులో ఏ మాట కోర్టులో చెల్లుతుంది, ఏది చేపల బజారులో చెల్లుతుంది, దొరసాని ముందు ఏది అనాలి, పనిమనిషితో ఏది అనాలి, ఇవన్నీ తేల్చి రాయడమే ఆయన ఉద్యోగం. 'మీరోసారి మా ఇంటికి రావాలి సుమండీ' అన్న మాటకి అర్థం రాసింది ఆయనే. అది మర్యాదకి అనేదే గాని పిలుపు కాదనీ, నమ్మి వెళ్ళొద్దనీ రాశారు. పరదేశులకి బాగా పనికొస్తుందని పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. అంత తెలిసిన పెద్దమనిషి తన నోటితో ఒక్క మనిషిని తిన్నగా పిలవలేకపోయారంటే ఏమనాలి!

పిలవకపోలేదు లెండి. ఆఫీసులో చివరిరోజున అందరూ షెర్రీ వైను గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా, ఆయన మిస్ ఎనిడ్ టోలీ దగ్గరికి వెళ్ళారు. ఏళ్ళ తరబడి ఇద్దరివీ ఎదురెదురు బల్లలు. వాళ్ళు మాట్లాడుకున్నదంతా మాటల గురించే. అయినా రేపటినుంచి ఆ ఎదురు కుర్చీ తన కంటికి కనబడదని తలుచుకుంటే ఆయనకి గుండె జారిపోయింది. ఆవిడ ఒక్కసారి తన ఇంటికి వస్తే, మళ్ళీ వస్తుంది. రాకపోతే ఇంక ఎవరూ రారు. అది ఆయనకి తెలుసు.

"ఆదివారం నాలుగింటికి మా ఇంట్లో టీకి రండి," అన్నారు. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆ ఇంగ్లీషు మర్యాద ఆగనిస్తుందా? "మీకు వేరే పనేం లేకపోతేనే. వాన పడితే వద్దు. రాకపోయినా నేనేం అనుకోను," అని తగిలించారు.

"ఎంత మంచివారండీ, చూస్తాను," అందావిడ.

ఆదివారం పొద్దున్నే ఆయన షాజీరా వేసి కేకు చేశారు. ఈసారి వెన్నకి వెనకాడలేదు. అక్కగారి మంచి కప్పులు దించి తుడిచారు. మూడింటికే కిటికీ తెర వెనక చేరారు. వాన పడలేదు.

నాలుగు కొట్టేసరికి ఆవిడ నిజంగానే వచ్చింది. గేటు గడియ మీద చెయ్యి వేసి, కిటికీల వంక చూసి, ఆ చెయ్యి తీసేసి, ఇల్లు దాటి ముందుకు నడిచింది. ఆవిడ మనసులో ఏముందో ఆయనకి అరటిపండు ఒలిచినంత సులువుగా తెలిసింది. మర్యాదకి పిలిస్తే నిజమనుకుని వచ్చిందేమిటి అనుకుంటారని బెంగ. తెలిసినప్పుడు తలుపు తీయొచ్చు కదా? తీస్తే తను తొంగిచూస్తున్నట్టు తెలిసి ఆవిడ సిగ్గుపడుతుందట! ఆ మర్యాద మండిపోనూ, ఆయన అక్కడే నిలబడ్డారు.

ఆవిడ మలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఇంక ఆయనకి కాళ్ళు నిలవలేదు. తలుపు తీసుకుని గేటు దాకా పరిగెత్తినంత పని చేశారు.

ఆయన్ని చూడగానే ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. "ఊరికే ఇటుగా నడుచుకుంటూ వెళ్తున్నానండీ," అంది.

ఆవిడ చేతిలో కాగితంలో చుట్టిన పూలున్నాయి. షికారుకి వెళ్ళేవాళ్ళు ఎవరైనా పూలపొట్లం పట్టుకుని వెళ్తారా? లోపల కెటిల్ కూతపెడుతోంది. మాటలు నేర్చే పిల్లలకి కూడా వచ్చిన మాటే అనాలి. ఆయన నోరు తెరిచారు.

"అలాగైతే మిమ్మల్ని ఆపనులెండి," అన్నారు.

ఆవిడ కదలలేదు. ఇంకో మాట కోసం చూస్తోందని ఆయనకి తెలుస్తూనే ఉంది. ఎండ బాగుందన్నారు. అవునంది. పూలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, బస్సు ఆగేచోటికి వెళ్ళిపోయింది.

ఆవిడ కనుమరుగయ్యాక ఆయన గేటు పట్టుకుని, "లోపలికి రండి," అన్నారు. గట్టిగానే అన్నారు.