శుక్రవారం నాటి యాప్

క్లయింటు ఫోన్లో టెస్ట్ వెర్షన్ ఎక్కించడమంత దిక్కుమాలిన పని మరొకటి లేదు. పాస్‌వర్డ్ అడిగితే "మా అబ్బాయికి తెలుసండీ" అంటారు. ఫోన్లో చోటుండదు, నిండా గుడ్ మార్నింగ్ పూల బొమ్మలే. ఒక్కటి తీసెయ్యనివ్వరు. వీళ్ళకో యాపు!

ఆ రోజు ఫర్నిచర్ షాపు. గోదాములో ఎన్ని మంచాలు, ఎన్ని బీరువాలు ఉన్నాయో ఫోన్లో చూపించే యాప్. షాపు లెక్కలూ తాళాలూ ఓనరుగారి వదినవి. భర్త పోయినప్పటి నుంచీ గల్లాపెట్టె దగ్గరి కుర్చీయే ఆవిడకి ఆధారం. ఆ కుర్చీ మీద కన్నేసినవాడు ఓనరు బావమరిది. పనంటే ఆమడ దూరం, సెంటు మాత్రం వీధి చివరి దాకా కొడుతుంది.

"ఈ యాప్ పని చెడితే తాళాలు మావాడికే, వదినా" అని ఓనరు నా ముందే అన్నాడు.

టెస్ట్ వెర్షన్ అన్ని ఫోన్లలో తెరుచుకోదు. ప్రతి ఫోనుకీ ఉండే పొడుగాటి నంబరు ముందే మా జాబితాలో చేరాలి. ఆ నంబర్లు పంపే బాధ్యత వదినగారిది. స్క్రీన్‌షాట్ పంపండమ్మా అంటే కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి పంపింది. ఆఫీసంతా పడీ పడీ నవ్వాం.

ఆవిడ ఫోన్లో, బావమరిది ఫోన్లో యాప్ చక్కగా తెరుచుకుంది. ఓనరు ఫోన్లో మొండికేసింది.

"డెమో ఉందని శనివారమే కొత్తది కొన్నానయ్యా! దీని నంబరు పంపావా వదినా?"

"ఆ రోజే పంపానయ్యా."

"మరెందుకు రాదు?" అని నా వైపు తిరిగాడు.

"అంకె తప్పు రాసుంటారండీ. చేత్తో రాస్తే ఇంతే" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

ఓనరు చెయ్యి చాచాడు. ఆవిడ తాళాలు ఇచ్చేసింది. అప్పటికే బావమరిది కుర్చీలో కూర్చుని ఎత్తు సరిచేసుకుంటున్నాడు. సిగ్గులేని జన్మ.

తప్పెక్కడుందో చూపిద్దామని లాప్‌టాప్ తెరిచాను. నంబరు పొల్లు పోకుండా ఉంది. శనివారం సాయంత్రం జాబితాలో చేర్చింది నేనే. చేర్చాక యాప్‌ని మళ్ళీ తయారుచెయ్యాలి. నేను తెచ్చింది శుక్రవారం చేసింది. దానికి శనివారం కొన్న ఫోను సంగతి ఎలా తెలుస్తుంది, నా మొహం! కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం. నేర్పేది కూడా నేనే.

చెప్పెయ్యాలి. మాట నోటిదాకా వచ్చింది. చెబితే మా మేనేజరు దాకా పోతుంది. కుక్కిన పేనులా కూర్చుని మళ్ళీ తయారుచేసి ఓనరు ఫోనుకి పంపాను, ఆరు నిమిషాలు పట్టింది. ఈలోగా బావమరిది ఆ ఫోను ఆపి, మళ్ళీ ఆన్ చేశాడు. వాడికొచ్చిన విద్య అదొక్కటే. యాప్ తెరుచుకుంది.

"చూశావా! మావాడి చెయ్యి పడింది, పనైపోయింది! ఏమంటావయ్యా?" అన్నాడు ఓనరు.

"అవునండీ" అన్నాను. ఆ గదిలో ఉన్నవాళ్ళందరిలోకీ నీచుణ్ణి నేనే.

మెట్ల దగ్గర ఆవిడ నన్ను ఆపింది. చేతిలో టిఫిన్ డబ్బా, గొడుగు ఉన్నాయి.

"బాబూ, ఏ అంకె తప్పు రాశానో చెప్పి వెళ్ళు. లేకపోతే ఇంటికెళ్ళి అదే ఆలోచిస్తూ కూర్చుంటాను."

"చివర్నుంచి మూడోదండీ" అన్నాను.

"అయ్యో, మూడుసార్లు సరిచూశానే! కళ్ళజోడు మార్చాలి కాబోలు" అంటూ మెట్లు దిగింది.