దొంగ చెయ్యి

మా తోటికోడలు నీళ్ల బకెట్‌తో మెట్లెక్కుతుంటే టీవీ అబ్బాయి వీడియో తీశాడు. నేను పక్కనే ఉన్నాను. బరువంతా ఎడమచేతి మీదే ఉంది. కుడిచెయ్యి బకెట్ అంచు మీద ఊరికే ఆనించింది. వికలాంగుల పింఛను తీసుకుంటున్నారు కదమ్మా, చెయ్యి బాగానే ఉందే అని అతను మర్యాదగానే అడిగాడు. మేమే అతనికి కుర్చీ వేశాం. ఆమె వేళ్లు ముడిచి, తెరిచి చూపించింది.

"చూడ్డానికి బాగానే ఉంటుంది బాబూ. ఇది దొంగ చెయ్యి" అంది.

మా లాండ్రీలో అందరూ అనే మాటే అది. షిఫ్టులకు వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు, చదువుకునే పిల్లలకు చెప్తున్నాను. ఉతికిన ఆసుపత్రి దుప్పట్లను మేం ఇస్త్రీకి వేడి రోలర్ల మధ్యకు తోస్తాం. దుప్పటితోపాటు చెయ్యి లోపలికి పోయినవాళ్లు మాలో చాలామంది. పైన చర్మం మానుతుంది, లోపల నరం మానదు. పట్టుకున్నట్టే పట్టుకుని చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. మరుగుతున్న గిన్నెనైనా, చంటిపిల్లనైనా. మమ్మల్ని మోసం చేస్తుంది కాబట్టి దొంగ చెయ్యి అన్నాం.

ఆ సాయంత్రం ఆమె ముఖం టీవీలో వేశారు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. నేను కూడబలుక్కునేలోపే పోయి, మళ్లీ వస్తున్నాయి. చివరికి చదివాను. 'నాది దొంగ చెయ్యి: కెమెరా ముందు ఒప్పుకున్న పింఛనుదారు.' రోలరు మాట లేదు, నరం మాట లేదు. మధ్యలో మా కాంట్రాక్టరు లాండ్రీ ప్రకటన, తెల్లటి దుప్పట్లు గాలికి ఎగురుతూ.

పింఛను ఆగింది. ఆమెదే కాదు, మా లాండ్రీ షెడ్డులో చెయ్యి పోయిన ప్రతివాళ్లదీ. మళ్లీ పరీక్ష చేస్తారట, ఎప్పుడో చెప్పలేదు. ఆమెకూ ఆమె కూతురికీ ఆ పింఛనే తిండి. కుళాయి దగ్గర ఆమెను 'ఏమ్మా నటీమణీ' అని పలకరించినవాళ్లలో మా షెడ్డువాళ్లూ ఉన్నారు. తమ పింఛను ఆమె నోటివల్లే పోయిందని వాళ్ల కోపం.

బాయిలరు దగ్గర మీటింగు పెట్టాం. మీటింగంటే షిఫ్టు దిగి, నిలబడే ఓపిక లేక, తడి మూటల మీద కూలబడ్డం. సగంమంది కునుకుతున్నారు. టీవీవాళ్ల కాళ్లు పట్టుకోమన్నారు కొందరు. నోరు మూసుకుంటే వాళ్లే మరిచిపోతారన్నారు ఇంకొందరు. పక్క రోలరు ఆవిడ మా తోటికోడల్ని మొహం మీదే అడిగింది.

"నీకు వేరే మాట దొరకలేదా తల్లీ?"

"మీ అందరి నోటా విన్న మాటే కదా వదినా."

బాయిలరు చూసే బాబాయి అంతవరకూ కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఈ పిల్ల చెయ్యి నాటకమైతే రోలరు తప్పేం లేనట్టే. పని తొందరగా సాగాలని కాంట్రాక్టరు పీకించిన, చెయ్యి లోపలికి పోకుండా ఆపే అడ్డుకమ్మీ మళ్లీ పెట్టక్కర్లేదు. రేపు మీ చేతులు పోయినా నాటకమే. కాళ్లు పట్టుకుంటారో ఏం చేస్తారో ఆలోచించుకోండి" అన్నాడు.

కునుకుతున్నవాళ్లు లేచి కూర్చున్నారు.

పొద్దున ఎవరూ రోలర్ల దగ్గరికి పోలేదు. టీవీ ఆఫీసు గేటు ముందు కూర్చున్నాం. నినాదాలకు గొంతులో సత్తువ లేదు. ఆ అబ్బాయే మైకుతో వచ్చి, ఒక్కరు లేచి మాట్లాడమన్నాడు. ఎవరూ లేవలేదు. ఒక్కరి మాటైతే కత్తిరిస్తావు, షెడ్డుకొచ్చి రోలరు చూపించు, అందరి మాటా ఆపకుండా వెయ్యి అన్నాం. అలా వేస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. అయినా మేం కదల్లేదు.

కాంట్రాక్టరు మనిషిని పంపాడు. ఆసుపత్రికి దుప్పట్లు అందాలట, పనిలోకొస్తే మా తోటికోడలి పింఛను ఒక్కటీ ఇప్పిస్తాడట. అందరం ఆమె వైపు చూశాం. వద్దనమని ఎలా చెప్పగలం? ఇంట్లో పిల్ల ఉంది.

"అందరిదీ ఇప్పించమను. కమ్మీ పెట్టించమను" అంది ఆమె.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. ముందు ఆమెను వ్యాను ఎక్కించారు. ఆమె వెనకే పక్క రోలరు ఆవిడ, ఆవిడ వెనక నేను, ఇంకా ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ఇక చోటు లేదు, మిగతావాళ్లు ఇళ్లకు పొమ్మన్నాడు పోలీసాయన.

"ఇంకో వ్యాను తెప్పించండి సార్, కూర్చునుంటాం" అన్నాడు బాబాయి.

అని రోడ్డు మీదే కూర్చున్నాడు. మిగతావాళ్లు కూడా కూర్చున్నారు.