లంబసింగిలో టిఫిను

నేను ఒక పాత మినీ బస్సుని. మినీ అనేది కాగితాల మీది మాట. ఒక స్కూలు పిల్లలందరినీ, వాళ్ల సంచులనూ, వాళ్ల అల్లరినీ ఏళ్ల తరబడి మోసిన నన్ను చిన్నబండి అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా ఇంజను, చట్రం ఎక్కడో ఉత్తరాదిన పుట్టాయి గానీ, ఒళ్లు మాత్రం బెజవాడ ఆటోనగర్‌లో పోసుకున్నాను. అక్కడి షెడ్డులో రేకులు కత్తిరించి, వంచి, రివెట్లు కొట్టి నాకు ఆకారం ఇచ్చినవాళ్లలో దేవసహాయం ఒకడు. కిటికీల పని అతనిది. నన్ను బయటికి పంపేటప్పుడు వీపు తట్టి సాగనంపాడు. తయారుచేసిన వాడి దగ్గరికే మళ్లీ చేరతానని అప్పుడు నేను అనుకోలేదు.

స్కూలు పిల్లలు నాకు పాటలు నేర్పారు, సీట్ల కింద చూయింగ్ గమ్ అంటించారు, మలుపుల్లో వాంతులూ చేసుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. స్కూలుకి కొత్త బస్సులు వచ్చాక నన్నొక పెళ్లి బ్యాండు వాళ్లు తీసుకున్నారు. వెళ్లేటప్పుడు మహా హుషారుగా ఉండే ఆ బృందం, తిరిగొచ్చేటప్పుడు ఒకరి మీద ఒకరు పడి గురకలు పెట్టేది. ఆ గురకల్లో కూడా తాళం తప్పేవాడు ఒకడుండేవాడు. చివరికి బ్యాండు మాస్టరు నన్ను మరమ్మతుకని ఆటోనగర్‌లో వదిలి, పెద్ద బండి కొనుక్కుని నా మాటే మరిచిపోయాడు. నా డ్రైవరు సీట్లో పిల్లి ఈనింది. చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది.

అప్పుడే దేవసహాయం నన్ను చేరదీశాడు. జుట్టు నెరిసింది గానీ తట్టే చెయ్యి అదే. ఆదివారం చర్చి కాగానే వచ్చి నా మీద పడేవాడు. సీట్లు పీకేశాడు. మడిస్తే బల్ల, పరిస్తే మంచం అయ్యే చెక్కలు, వాటి మీదుగా ఒక పై బెర్తు బిగించాడు. ఒక మూల గ్యాసు పొయ్యి, పైన నీళ్ల డ్రమ్ము, దాని కిందికి ఒక కుళాయి. అతని తల్లి ఎస్తేరమ్మ పాత చీరలతో కిటికీలకు తెరలు కుట్టింది. ఇంటిని ఇలా రోడ్డు మీదికి లాక్కుపోయే పిచ్చి దేనికని షెడ్డులో అందరూ అతన్ని ఆటపట్టించేవాళ్లు. వాళ్ల మాటలకు నవ్వి ఊరుకునేవాడు. ఒంటరిగా ఉన్నప్పుడు మేకు కొడుతూ నాతో మాత్రం ఒకటే మాట అనేవాడు. “దాన్నొక్కసారి కూర్చోబెట్టాలిరా బాబూ.”

అది అంటే అతని భార్య రూతమ్మ. ఆటోనగర్ గేటు దగ్గర టిఫిను కొట్టు ఆమెది. మెకానిక్కులు, లారీ డ్రైవర్లు ఆమె ఇడ్లీ తింటే గానీ పానా పట్టుకోరు. తెల్లవారకముందే పొయ్యి ముందు నిలబడితే, అందరూ తిని వెళ్లాక అడుగున మిగిలిన చల్లటి ఇడ్లీ ఒకటి నిలబడే నోట్లో వేసుకుంటుంది. ఇంట్లోనూ అంతే, మొగుడికీ అత్తకీ కూతురికీ పెట్టి వంటింట్లో తనొక్కతే తింటుంది. అలాంటి మనిషిని క్రిస్మస్ అయిన మర్నాడు కొట్టుకు తాళం వేసి చలికొండలకు రమ్మంటే వస్తుందా? కూతురు షారోను బతిమాలింది, ఎస్తేరమ్మ అలిగింది. చివరికి రూతమ్మ ఒక షరతు పెట్టింది.

“వస్తా గానీ, ఒక్క పూట టిఫిను తప్పినా అక్కడికక్కడే బండి తిప్పెయ్యాలి. ఇంటికొచ్చాక దీన్ని పాత ఇనుము కొట్లో పడెయ్యాలి. సరేనా?”

పొద్దున్నే పిల్లకు వేడి ఇడ్లీ పెట్టలేని సంసారం ఏం సంసారం అని ఆమె వాదన. దేవసహాయం సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు.

మనుషులు ఇల్లు వదిలి తిరగాలని ముచ్చటపడతారు, బయల్దేరేటప్పుడు మాత్రం ఇల్లంతా వెంట తెచ్చుకుంటారు. రూతమ్మ తన గ్రైండరు లేకుండా కదలనంది. దాన్ని కిటికీ పక్కన నిలబెట్టి తాడుతో కట్టారు. ఎస్తేరమ్మకు దొరకని కిటికీ గ్రైండరుకు దొరికిందని ఆమె దారంతా దెప్పుతూనే ఉంది. నేను మాత్రం ఊరూరా ఆగుతూ ఆనందంగా పరుగెత్తాను. గోదావరి వంతెన మీద షారోను తల బయటపెట్టి కేక వేసింది. ఎస్తేరమ్మ క్రిస్మస్ పాటలు అందుకుంది. దారిలో ఏ టీ కొట్టతనో కరెంటు ఇస్తే రూతమ్మ అక్కడే మినప్పప్పు రుబ్బి రవ్వ కలిపేది. మైదానంలో ఉన్నన్నాళ్లూ గిన్నెను నా ఇంజను మూత మీద పెట్టేవారు. పగలంతా పరుగెత్తిన నా వేడికి పిండి చక్కగా పులిసేది, పొద్దున్నే మల్లెపువ్వుల్లాంటి ఇడ్లీలు దిగేవి. నా వంతు పని నేను చేస్తున్నానని నాకు గర్వంగా ఉండేది.

తర్వాత ఘాటు రోడ్డు వచ్చింది. ప్రతి మలుపులో ఎస్తేరమ్మ ప్రార్థన, ప్రతి మలుపు దాటాక షారోను చప్పట్లు. లంబసింగి చేరేసరికి సాయంత్రమే పొగమంచు దిగిపోయింది. నా ముందు చక్రాలు నాకే కనబడలేదు. చలిమంటలు వేసుకున్న జనం మధ్య నన్ను ఆపారు. ఎస్తేరమ్మ చీర మీద స్వెట్టరు, దాని మీద దుప్పటి, తలకు మంకీ క్యాపు పెట్టుకుని కళ్లు మాత్రం బయటికి వదిలింది. మర్నాడు మేఘాలు కాళ్ల కింద కనిపించే కొండ ఎక్కాలని షారోను ఆశ. రూతమ్మ మామూలుగానే పిండి గిన్నెకు గుడ్డ కట్టి ఇంజను మూత మీద పెట్టింది. ఆ చలిలో నా ఇనుము ఎంతసేపు వేడిగా ఉంటుంది? బిగబట్టుకుని చూశాను. నా వల్ల కాలేదు.

పొద్దున్నే రూతమ్మ మూత తీసింది. పిండి ఎంత పెట్టిందో అంతే ఉంది. ఒక్క బుడగ లేదు. అయినా మొండిగా ఒక వాయి వేసి చూసింది. క్యారమ్స్ బిళ్లల్లాంటివి దిగాయి. రూతమ్మ పొయ్యి ఆర్పేసి, శాలువా కప్పుకుని, వెళ్లి కిటికీ పక్క బల్ల మీద కూలబడింది.

“నా చెయ్యి పోయింది,” అంది మెల్లగా.

పై బెర్తులో షారోను గోడకు తిరిగి పడుకుంది. దేవసహాయం మాట తప్పే మనిషి కాదు. వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని తాళంచెవి పెట్టాడు, తిప్పలేదు. కావాలంటే నేను మొరాయించగలను, ఈ వయసులో ఆ మాత్రం హక్కు నాకుంది. కానీ అతని మొహం చూస్తే నాకు అంతకంటే పెద్ద దిగులు పట్టుకుంది. అన్ని ఆదివారాల కష్టం ఆ ఒక్క తిప్పుతో అయిపోతుంది.

అప్పుడు మంకీ క్యాపులోంచి ఎస్తేరమ్మ గొంతు వినబడింది. పులవకపోతే ఈ పిండి దిబ్బరొట్టెకేం తక్కువ, ముందు తినండి, బండి తర్వాత తిప్పుకోండి అంది. రూతమ్మ వెంటనే లేవబోయింది.

“నువ్వు లెగమాక. అక్కడే కూర్చో,” అంది అత్త.

కోడలు చేయకపోతే ఇంకెవరు చేస్తారు? దేవసహాయం తాళంచెవి వదిలేసి పొయ్యి దగ్గరికి వచ్చాడు. అక్కడ భారీ మనిషి ఒకడు నిలబడితే ఇంకొకరు దాటే సందు లేదు. నన్ను అంత ఇరుకుగా కట్టింది అతనే. ఇక రూతమ్మ ఎటూ కదల్లేక కూర్చున్న చోటి నుంచే ఆజ్ఞలు జారీ చేసింది. నూనె ఇంకాస్త, మంట తగ్గించు, మందంగా పొయ్యి, ఇప్పుడే మూత తియ్యకు. ఇంతకంటే ఇంజను విప్పడం తేలికని అతను గొణిగాడు. షారోను బెర్తు దిగి అమ్మ పక్కన ఇరుక్కుంది. నాలోపల ఆవిరి నిండింది. అద్దాలు చెమ్మగిల్లాయి. రొట్టె కాలుతున్న వాసన నా రేకులన్నిటికీ పట్టింది. బ్యాండు వాళ్లు ఎన్ని పెళ్లిళ్లకు తీసుకెళ్లినా అంత మంచి వాసన నేనెప్పుడూ ఎరగను. ఎస్తేరమ్మ మంకీ క్యాపు తీసేసింది.

రొట్టె ఒక పక్క కాస్త మాడింది. రెండో పక్క ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. దేవసహాయం ముక్కలు కోసి మొదటిది, పొగలు కక్కుతున్నది, అల్లం పచ్చడి వేసి రూతమ్మ ముందు పెట్టాడు. ఆమె అలవాటుగా ఆ పళ్లేన్ని షారోను వైపు తోసింది. షారోను నాయనమ్మ వైపు తోసింది. నాయనమ్మ మళ్లీ రూతమ్మ ముందుకే తోసి, చెయ్యి పట్టుకుని ముక్క తుంపించింది.

రూతమ్మ తిన్నది. మిగిలినవాళ్లకు పెట్టకుండా, కూర్చుని, నోరు కాలేంత వేడిగా తిన్నది. నములుతూ నములుతూ ఏడ్చింది. దేవసహాయం కంగారుపడి మరీ మాడిందా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకో ముక్క తుంపుకుంది.

“పెళ్లయిన కాడ్నించీ చూద్దామనుకున్నా రూతూ,” అన్నాడతను. “నువ్వు ఏడేడిగా తినటం.”

నాకు ఇంజను ఆగి ఉండగానే వణుకు పుట్టింది. చలికి కాదు.

కాసేపటికి షారోను భయపడుతూనే అడిగింది, ఇంతకీ వెనక్కి వెళ్లిపోవాలా అని. దేవసహాయం అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎస్తేరమ్మ నమలడం ఆపింది. రూతమ్మ పళ్లెంలో మిగిలిన పచ్చడిని వేలితో తుడుచుకుని, కొట్టులో బేరం తేల్చే గొంతుతో చెప్పింది.

“ఎందుకెళ్లాలి? టిఫిను తప్పిందని ఎవరన్నారు? నేను వండలేదంతేగా.” పళ్లెం మొగుడి వైపు చాపింది. “ఇంకోటెయ్యి. ఈసారి మంట తగ్గించు.”

దేవసహాయం తాళంచెవి తీసి జేబులో వేసుకుని, మూకుట్లో నూనె పోశాడు.