అల్లుడొచ్చిన బడి

ఆఫీసరు జీపు ఎర్రదుమ్ము లేపుకుంటూ బడి ముందు ఆగేసరికి కోరలీ పిల్లల్ని సర్ది కూర్చోబెట్టింది. ఈ పూట ఆయన బాగుందంటేనే పసిపిల్లలకు తమ ఆస్ట్రేలియా ఆదివాసుల భాష వార్ల్‌పిరిలో అక్షరాలు దిద్దించే ఆమె తరగతి నిలుస్తుంది. లేకపోతే రేపటినుంచి అంతా ఇంగ్లీషే. కూతురి కూతురు టలీషాకి చదువే అబ్బదని ఇంగ్లీషు టీచరమ్మ ఏనాడో తేల్చేసింది, అక్కడ ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు! అదే పిల్ల అమ్మమ్మ దగ్గర ఇసుకలో వంచిన ఇనపతీగతో బొమ్మలు గీసి కథ చెప్పి, పక్కనే మాటలు కూడా రాస్తోంది.

ఆఫీసరు దిగాడు. తమ వార్ల్‌పిరివాడే, కాకపోతే పట్నంలో తెల్లవాళ్ళింట పెరిగినవాడు. వరండాలోంచే నవ్వుతూ చెయ్యెత్తాడు.

"నా పేరు గ్రాంట్. మా అమ్మ తాలూకు వాళ్ళు పోయినేడే దొరికారు. మావాళ్ళ వరసల్లో నేను జపనంగనట!"

కోరలీకి పైప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళలో పుట్టుకతోనే ప్రతివాళ్ళకీ ఒక వరస పేరుంటుంది, ఆమెది నపల్జారి. నపల్జారికి జపనంగ అల్లుడి వరస. అల్లుడి ఎదుట అత్త నిలబడకూడదు, మొహం చూడకూడదు, పలకరించకూడదు. ఆమె తల వంచుకుని వెనక తలుపులోంచి బయటపడి, గోడకానుకుని కూలబడింది.

ప్రిన్సిపాల్ హెలెన్ పరుగున వచ్చింది. "ఇప్పుడా పారిపోవడం! కాసేపు రండి కోరలీ, ఆయనకివేమీ తెలీవు."

"ఆయనకి తెలీకపోతే నాకు తెలీదా?"

"తరగతి పోతుంది!"

"పోతుందనేగా తల్లీ నా ఏడుపు! పిల్లలకి నేను నేర్పేదే వరసలు. వాళ్ళ కళ్ళముందే తొక్కేసి, రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

హెలెన్ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

"టీచరే లేకపోతే నేనేం చూడాలండీ?" లోపల ఆఫీసరు గొంతు. కుర్చీ కిర్రుమంది. లేచి వెళ్ళిపోతున్నాడు కాబోలు. కోరలీ గోడకి చెవి ఆనించింది. ఒక్క మాటైనా అనండర్రా, ఎవరో ఒకరు!

"నాన్నా, కూచో."

టలీషా గొంతు! అదీ ఇంగ్లీషులో!

"నన్నేనా అమ్మా?"

"నిన్నే. మా అమ్మ నీకు పెళ్ళాం వరస, అంటే నాకు నాన్నవి. అమ్మమ్మ నీకు అత్త, అందుకే బయటికెళ్ళింది. ఇంత మనిషివి, ఇదీ తెలీదా?"

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నాకెవరూ చెప్పలేదమ్మా."

ఇసుకపెట్టెలో తీగ టపటపలాడింది. "ఇది అమ్మమ్మ. ఇది గోడ. ఇది నువ్వు. నీ పేరు రాశా, చదువు. జ... ప... నం... గ. ఊఁ, నువ్వను."

"జ... ప... నం... గ."

ఆ పెద్దమనిషి బడిపిల్లాడిలా కూడబలుక్కున్నాడు.  

"అల్లుడన్నవాడు అత్తకి ఏం చెయ్యాలమ్మా?" అని అడిగాడు.

"మాంసం తెచ్చివ్వాలి. నువ్వివ్వకూడదు, నేనిస్తా."

లోపల ఏవో గుసగుసలు, ఆపైన జీపు కదిలిన చప్పుడైంది. అయిపోయింది, వెళ్ళిపోయాడు అనుకుంది కోరలీ. ఇంతలో టలీషా పరుగెత్తుకొచ్చి ఒళ్ళో పడింది.

"అమ్మమ్మా! మన తరగతి ఉంటుందట. రేపట్నుంచి పాఠం నువ్వే చెప్పాలట, తను ఇక నీ ఎదుటికి రాడట. నాన్న నీకోసం కంగారూ తోక కొనడానికి షాపుకెళ్ళాడు!"

కోరలీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "పిచ్చి సన్నాసి అల్లుడు," అంది పిల్లను గుండెకి హత్తుకుని, "లావుగా ఉన్నది ఏరుకొమ్మని చెప్పకపోయావా!"