గుండిగల మీది పేరు

కాలేజీ కార్యదర్శి మధుసూదనరావు విజయకుమారి చేతికి ఒక కవరిచ్చి, కారు సిద్ధంగా ఉందన్నాడు. కవరులో ఉన్నది ఒకే కాగితం: దివిసీమలోని దానభూమిని అమ్ముకోవడానికి దాత సంతకం చేయాల్సిన సమ్మతి పత్రం. ఆ పొలం రాబడిని ఆడపిల్లల హాస్టల్లో భోజనానికి తప్ప మరి దేనికీ వాడరాదని దాత ధనమ్మ దస్తావేజులో రాయించింది. ఆమె సంతకం లేనిదే ఆ షరతు తొలగదు.

"మీరడిగితే కాదనరు మేడమ్. ఆవిడ బియ్యం తిని చదువుకున్నవారు కదా మీరు."

"అందుకే నాకు నోరు రావటంలేదండీ. హాస్టలు సంగతేమిటి?"

"రెండేళ్ళ నుంచి గింజ రాలేదు, ఇంకేం హాస్టలండీ. గేటు దగ్గర స్వర్ణోత్సవ తోరణం కట్టిస్తాం. పైన ఆవిడ భర్త పేరు. అందరికీ గౌరవం."

గింజ ఎందుకు రాలేదో విజయకుమారికి తెలుసు. బందరులోని ఆ కాలేజీలోనే ఆమె అర్థశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసింది. కార్యవర్గంలో ఒక స్త్రీ పేరుండాలని కిందటేడు ఆమెను చేర్చుకున్నారు. పూర్వం ఆ పొలం కౌలు ధాన్యంగా వచ్చేది. బస్తాలు తిన్నగా హాస్టలు వంటశాల ముందు దిగేవి. దారిలో ఎవరి జేబులోనూ పట్టేవి కావు. తొంభై మూడులో రొయ్యల మోజు వచ్చింది. మూడింతల కౌలు, అదీ రొక్కంగా ఇస్తామన్న వారికి కార్యవర్గం పొలం అప్పగించింది. ధాన్యం రొక్కంగా మారిన నాడే వంటశాల దారి మరిచిపోయింది; కార్యదర్శి గదికి ఏసీ వచ్చింది, సమావేశాలకు విందులు వచ్చాయి. తరువాత చెరువులకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. కౌలుదారు వెళ్ళిపోయాడు గాని అతను పెట్టిన ఉప్పునీరు నేలను వదలలేదు. చెడగొట్టిన చేతులే ఇప్పుడు చెడిపోయిందంటూ చవకగా అమ్మజూపుతున్నాయి. కొనేవాడు మధుసూదనరావు అల్లుడు. పాలకాయతిప్ప వైపు కొత్త రోడ్డు పడుతుందన్న కబురు అతనికి అందరికన్నా ముందే అందింది.

కారెక్కబోతుంటే హాస్టలు పిల్ల శ్రావ్య ఎదురొచ్చింది. పెడనలో కలంకారీ అద్దకం చేసే అంకమ్మరావు కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం.

"హాస్టలు మూసేస్తారంట కదా మేడమ్? మూసేస్తే ఇంటికొచ్చి అద్దకపు బల్ల దగ్గర నిలబడమంటున్నాడు నాన్న. బయట గది అద్దెకు తీసుకుని చదివించడం మావల్ల కాదు."

"ఆవిడ సంతకం పెట్టకపోతే మూయలేరు. ఉన్నదున్నట్టు చెప్పి వస్తాను," అంది విజయకుమారి.

అవనిగడ్డ దాటాక దారికి రెండు వైపులా వదిలేసిన చెరువులు తెల్లగా పొక్కులు కట్టి కనిపించాయి. ఆమె కారు అద్దం ఎత్తుకుంది.

ధనమ్మ వరండాలో కుర్చీ వేసుకుని ఎదురుచూస్తోంది. "రా అమ్మాయీ. నువ్వొస్తున్నావని మధు ఫోన్ చేశాడు. కళ్ళజోడు కూడా తుడిచి పెట్టుకున్నా."

విజయకుమారి మొదటి నుంచీ చెప్పింది. కౌలు, రొయ్యలు, ఉప్పు, అల్లుడు, ఒకదాని వెంట ఒకటిగా ఏదీ దాచకుండా చెప్పింది. ధనమ్మ నిదానంగా విన్నది.

"కొనేది మధు అల్లుడేగా. పరాయివాడి పాలైతే బాధపడాలి గాని."

"హాస్టలు మూతపడుతుంది పిన్నిగారూ."

"ఇన్నాళ్ళు తిన్నారు కదే. ఒక్కతైనా వచ్చి, మీ ఆయన పేరేమిటండీ అని అడిగిందా?"

"అడగక్కర్లేదు. హాస్టలు గుండిగల అంచున మీరే చెక్కించారు, కీర్తిశేషులు రామబ్రహ్మంగారి జ్ఞాపకార్థం అని. వాటిలో వండిన అన్నం తిన్నాను కనకే ఆ పేరు నాకు తెలుసు."

"గుండిగ మీద పేరు తోమేది తప్ప ఎవరు చూస్తారు? తోరణమైతే బస్సులో పోయేవాళ్ళు కూడా చదువుతారు. బల్బులు పెడతారటగా?"

"పెడతారు."

"రంగువా, మామూలువా?"

మధుసూదనరావు దురాశను విజయకుమారి ముందే లెక్కలోకి తీసుకుంది. ఈ పేరు దాహాన్ని తీసుకోలేదు. వాడు ఈవిణ్ణి తనకన్నా బాగా చదివాడు. నిజం చెబితే చాలుననుకున్నది తానొక్కతే.

ధనమ్మ ఒక్కొక్క అక్షరం దిద్దుతూ సంతకం చేసి కాగితం జరిపింది. "సాక్షిగా నువ్వు పెట్టు."

"నేను పెట్టను."

"తిన్న తిండికి ఇదా విశ్వాసం?" అని నవ్వి, ధనమ్మ కాలేజీ కారు డ్రైవరును పిలిచింది. అతను జేబులోంచి పెన్ను తీసి, ఏమిటని కూడా అడగకుండా సంతకం చేశాడు.

స్వర్ణోత్సవం నాటికి హాస్టలుకు తాళం పడింది. శ్రావ్య రేకు పెట్టె అంతకు వారం ముందే పెడన బస్సెక్కింది. తోరణం మీద రామబ్రహ్మం పేరు ఎరుపు, పచ్చ బల్బులతో వెలుగుతుంటే, దాని కింద శాలువా కప్పుకున్న ధనమ్మ ఫొటో తీయించుకుంది. "మొదటి అక్షరం సరిగ్గా వెలగటంలేదు, చూడు మధూ," అంటోంది.

భోజనాలకు విస్తళ్ళు వేశారు. విజయకుమారి విస్తట్లో పులిహోర వడ్డించినవాడు గుండిగ ఆమె పక్కనే దించాడు. అంచున నున్నగా అరిగిన అక్షరాలు. ఆమె వాటిని చేతి వేళ్ళతో గుర్తుపట్టగలదు.

పంక్తి మధ్య తిరుగుతున్న మధుసూదనరావు ఆమె చూపు గమనించాడు. "మన హాస్టలు సామానే మేడమ్. ఊరికే పడి ఉండటమెందుకని కేటరింగువాళ్ళకి తిప్పుతున్నాం. అద్దె వస్తోంది."

"ఎవరికి?"

"ఇటు పాయసం తీసుకురావయ్యా, మేడమ్‌గారికి," అన్నాడతను పక్కకు తిరిగి.

పంక్తిలో ఇంకా ఎవరూ ముద్ద ఎత్తలేదు. విజయకుమారి వడ్డించిన పదార్థాలన్నీ లోపలే ఉండగా విస్తరి మడిచింది. ఎదుటి వరుసలో చేతులు ఆగిపోయాయి. ఆమె లేచి, తోరణం కింది నుంచి కాకుండా, హాస్టలు వెనక సందులోంచి రోడ్డు మీదికి నడిచింది.