మొగ దాటని మేస్త్రీ

కామాక్షయ్య మోటారు సైకిలు ట్యూబును నోటితో ఊదుతున్నాడు. నాలుగు ఊపిర్లు ఊదడం, బొటనవేలితో మూతి మూయడం, గోడకు ఆనుకొని దమ్ము తీసుకోవడం, మళ్లీ ఊదడం. షెడ్డులో గాలి పంపు ఉంది గానీ దాని తోలు వాషరు ఎండిపోయి నెలయింది. రేవులో ఇంజన్లన్నీ బాగుచేసే మనిషికి తన పంపు బాగుచేసుకునే తీరిక ఉండదు, లోకంలో అది మామూలే. ట్యూబు బిర్రుగా ఉబ్బేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. మూత బిగించి, తల మీదుగా నడుములోకి దించుకొని చూసుకున్నాడు. బక్కమనిషి, సరిపోయింది.

"ఏందన్నా, పెళ్లికొడుకు మాదిరి ముస్తాబవుతుండావు" అన్నాడు లాంచి నడిపే ముత్యాలయ్య, గుమ్మంలో నిలబడి.

"నవ్వు నాయనా, నవ్వు. నీకేం, చేపపిల్లవి."

కామాక్షయ్యకు యాభై నాలుగేళ్లు. ఊరు కోవూరు. తొమ్మిదేళ్ల వయసులో, పెన్న వరదలో బర్రె తోక పట్టుకొని ఈదుతున్న అన్న ఆ తోక వదిలేయడం గట్టున నిలబడి చూశాడు. ఆ తరువాత మోకాలి లోతు దాటి నీళ్లలో దిగిన పాపాన పోలేదు. బియ్యం మిల్లులో ఆయిలింజను దగ్గర పద్దెనిమిదేళ్లు చేశాడు. ఆయన పనితనం చూసి సర్కారువాళ్లు కృష్ణపట్నం రేవుకు తెచ్చారు. ఏడేళ్లుగా సముద్రం ఒడ్డున ఉద్యోగం, ఏడేళ్లుగా సముద్రానికి వీపు పెట్టుకొని భోజనం. కండలేరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఆ మొగ ఆయన ఒక్కసారీ దాటలేదు.

ఆ ఏడు, పందొమ్మిది వందల అరవై నాలుగులో, గస్తీ లాంచి వచ్చింది. అరవై గుర్రాల డీజిలు ఇంజను. గాలివాన లేస్తే సముద్రం లోపల చిక్కుకున్న తెప్పలవాళ్లను ఒడ్డుకు చేర్చడం దాని పని. ఈ తీరంలో అంత వేగం దేనికీ లేదు. ఆ వేగమే ఇప్పుడు ప్రాణాల మీదకు తెచ్చింది. రేవులో గంటసేపు నడిపినా చక్కగా నడుస్తుంది. మొగ దాటి పూర్తి వేగానికి వదిలితే మాత్రం పది నిమిషాలకు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. కాసేపు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది. వారంలో రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి సరిగ్గా మొగలోనే ఆగింది. అల అడ్డం తిప్పేస్తే నలుగురు చచ్చి బతికారు. స్వాతి కార్తె వచ్చేసింది, వాయుగుండాల రోజులు.

కామాక్షయ్య ఫిల్టరు విప్పాడు, శుభ్రంగా ఉంది. డీజిలు చిమ్మే నాజిళ్లు చూశాడు, బాగున్నాయి. గొట్టాల్లో చేరిన గాలి తీశాడు. ఇంజనుకు నూనె అందడం లేదని తెలుస్తూనే ఉంది. ఎక్కడ అందడం లేదో తెలియాలంటే ఆగినప్పుడు పక్కనే ఉండాలి. ఆగేదేమో సముద్రంలో. మూడు రోజులుగా ఎన్ని విధాల ఆలోచించినా చివరకు అక్కడికే వచ్చాడు. ఆ మూడు రోజులుగానే ఎడమ రొమ్ము కింద పిడికిలి పెట్టి నొక్కినట్టుంది. భయం అనుకున్నాడు. ఆయనకు భయం కొత్తా? భార్య పేరమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె తనకంటే ఎక్కువ బెదురుతుంది, అప్పుడు ఇద్దరికీ ధైర్యం చెప్పే పని తన మీదే పడుతుంది.

లాంచి మొగలోకి దూరింది. మొదటి అల ముక్కును ఎత్తి కింద పడేసింది. ఇంజను గదిలో కామాక్షయ్య ట్యూబుతో సహా ఒక మూలకు ఒదిగి, కమ్మీ పట్టుకొని కళ్లు మూసుకున్నాడు. జొన్నవాడ కామాక్షమ్మా, నీ పేరు పెట్టుకున్నవాణ్ణి తల్లీ, అని పెదాలు ఆడుతున్నాయి.

"వదిలేదా అన్నా?" పైనుంచి ముత్యాలయ్య అడిగాడు.

"వదులు."

ఇంజను రంకె వేసింది. తొమ్మిదో నిమిషంలో దాని గొంతు సన్నబడింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అప్పుడు వినిపించింది సముద్రం. చెవి పక్కనే, అంగుళం మందం చెక్క అవతల, నీళ్లు చరుస్తున్నాయి. లాంచి పక్కకు ఒరిగింది. పైకి పరుగెత్తాలనిపించింది, కాళ్లు లేవలేదు. చేతులు మాత్రం స్పానరు తీసుకున్నాయి. చేతులకు ఎందుకు భయం ఉండదో ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టం డీజిలు పంపును కలిసే చోట నట్టు విప్పాడు. చుక్క రాలేదు. అంటే పంపు నిర్దోషి, అడ్డం ట్యాంకు వైపే ఉంది. గొట్టం నోట్లో పెట్టుకొని ఊదాడు. కదల్లేదు. రొమ్ములో నొప్పి భుజానికి పాకింది. కళ్లలో నీళ్లు తిరిగేలా మళ్లీ ఊదాడు. ట్యాంకులో బుడబుడమని చప్పుడైంది, మరుక్షణం డీజిలు గడ్డం మీదుగా కారింది.

"ట్యాంకులో ఉండాడు దొంగ" అన్నాడు ఉమ్మేస్తూ. "పద, గట్టుకు పోదాం. మెల్లగా పో."

రేవుకు వచ్చి ట్యాంకు వంచారు. అడుగున దోసెడు పసుపు బియ్యం. అక్షింతలు. అలకు లేచి, ఇంజను గట్టిగా పీల్చినప్పుడు వచ్చి గొట్టం మూతికి అతుక్కుంటాయి. పీల్చడం ఆగిన కాసేపటికి రాలిపోతాయి. అందుకే ఫిల్టరుదాకా ఒక్క గింజా రాలేదు.

ముత్యాలయ్య తల వంచుకున్నాడు.

"మా ఇంటిదన్నా, పోలేరమ్మ. శుక్రవారం శుక్రవారం ఇన్ని వేస్తాది. తెప్పకైతే ముక్కు మింద వేస్తాం గదా. దీనికి నోరు యాడుండాది అనింది. నూనె తాగేది ఇక్కడే గదా అని నేనే చూపిస్తిని."

"ఎందుకురా?"

"నేను తిరిగి రావాలని. దానికి బయమన్నా, చెప్పుకోదు."

నోటిదాకా వచ్చిన తిట్లు కామాక్షయ్య మింగేశాడు. ట్యాంకు మూతి జల్లెడ చిరిగిందని తీసేసి, రేపు రేపంటూ కొత్తది పెట్టనిది తనే. భయం గురించి ఆ ఆడమనిషికి తను చెప్పగలిగింది ఏముంది?

పని మొదలుపెట్టాడు. పావు అంగుళం గొట్టం పీకి అర అంగుళం రాగి గొట్టం వేశాడు. దాని మూతి ట్యాంకు అడుగుకు రెండు వేళ్ల ఎత్తున ఉంచాడు. దారిలో గాజు గిన్నె ఉన్న రెండో ఫిల్టరు బిగించాడు, మురికి చేరినా గాలి చేరినా కంటికి కనిపించేలాగ. ట్యాంకు మూతికి ఇత్తడి జల్లెడ అతికాడు. అన్నీ అయ్యాక మూత పక్కన చిన్న ఇత్తడి గిన్నె ఒకటి అతికించాడు.

"పోలేరమ్మకు చెప్పు, దీని నోరు ఇదేనని. ఎన్ని వేసుకున్నా మేలే."

ఇల్లు అలకగానే పండగా? మళ్లీ మొగ దాటి చూడాలి. ముత్యాలయ్య తను ఒక్కడే పోయి వస్తానన్నాడు. కామాక్షయ్య ట్యూబు తగిలించుకున్నాడు. ఈసారి అరగంట పూర్తిగా వదిలినా ఇంజను గొంతు మారలేదు. గాజు గిన్నెలో డీజిలు ఒక్క బుడగ లేకుండా నిలిచింది. ఆయన పైకి వచ్చి గట్టు వైపు చూశాడు. షెడ్డు అగ్గిపెట్టెంత ఉంది. భయం పోయిందా అంటే పోలేదు, రెండు చేతులా కమ్మీ పట్టుకొనే ఉన్నాడు. అలా పట్టుకొనే చాలాసేపు చూశాడు.

తిరిగి వచ్చాక ట్యూబు మేకుకు తగిలించి, షెడ్డు గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"రొమ్ము నొప్పిగా ఉండాది. కాసిని మంచినీళ్లు ఇయ్యి."

"బయం ఇంకా దిగలా నీకు" అని నవ్వుతూ ముత్యాలయ్య కుండ దగ్గరకు పోయాడు. చెంబుతో వచ్చేసరికి కామాక్షయ్య తల భుజం మీదకు వాలి ఉంది. గడ్డానికి డీజిలు ఇంకా అంటుకొనే ఉంది. ఏడేళ్లలో మొదటిసారి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. చెంబు చేతిలో అలాగే పట్టుకొని ముత్యాలయ్య రెండుసార్లు పిలిచాడు.

పొద్దు వాలకముందే పేరమ్మ వచ్చింది. ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తల ఎత్తినప్పుడు మేకు కనబడింది.

"ఆ ట్యూబేంది?"

"సముద్రంలోకి వొచ్చినాడక్కా. రెండుసార్లు."

"ఆయనా?"

"పంపు పన్జెయ్యలేదని పొద్దున నోటితోనే ఊదుకున్నాడు."

పేరమ్మ లేచి ట్యూబును దించింది. బొటనవేలితో అక్కడక్కడా నొక్కి చూసింది. విసిరేస్తుందేమో అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆమె దాని మూత ఇంకొక చుట్టు బిగించి, మళ్లీ మేకుకే తగిలించింది. ట్యూబు ఆయన ఊదినంతా లోపలే పెట్టుకొని, బిర్రుగా వేలాడుతోంది.