ముక్కుపొడి ఆనవాలు

అవి యుద్ధం రోజులు. చిత్తూరులో పటాలం లారీలకు మెకానిక్కులను తయారుచేసే బడి పెట్టారు. జయరావు మేస్త్రి రోజూ పొద్దున్నే లారీ ఇంజన్‌లో ఏదో ఒకటి చెడగొట్టి, కనుక్కోమంటాడు. వారం రోజులుగా వడమాలపేట నుంచి నేర్చుకోడానికి వచ్చిన మునికృష్ణ బానెట్ ఎత్తిన నిమిషంలోనే కనిపెట్టేస్తున్నాడు! మేస్త్రికి అనుమానం వచ్చింది.

“నేను చెడగొట్టేటప్పుడు యాడ నక్కి సూస్తా ఉండావురా? నిజం చెప్పకపోతే ఈ పొద్దే ఊరికి పంపించేస్తా!”

“నక్కలేదు సార్! మీ చెయ్యి పడిన చోట మీరు పీల్చే ముక్కుపొడి రాలుంటాది. అంతే.”

క్లాసంతా గొల్లుమంది. మేస్త్రి తన వేళ్లు చూసుకున్నాడు.

“రేపూ కనుక్కుంటేనే నువ్వు ఈడ ఉండేది.”

మరునాడు మునికృష్ణ బానెట్ ఎత్తి బిత్తరపోయాడు. ఇంజన్ నిండా ముక్కుపొడే! తుమ్ముతూనే ఇంజన్ స్టార్ట్ చేసి, మొట్టమొదటిసారి చెవి పెట్టి విన్నాడు. ఒక్కో ప్లగ్గు వైరూ లాగి చూశాడు. మంచి ప్లగ్గు వైరు లాగితే ఇంజన్ తడబడుతోంది; మూడోది లాగినా శబ్దం మారలేదు.

“మూడో ప్లగ్గు సార్!”

మేస్త్రి దాన్ని విప్పి చూసి, షెడ్డు తలుపు సందుల వైపు అనుమానంగా చూశాడు.

“సరే, ఉండు” అన్నాడు.

అయినా ఆ మరుసటి రోజు నుంచి షెడ్డు తలుపులకు లోపల గడియ పెట్టుకునే ఇంజన్ చెడగొట్టసాగాడు.